మత్తు డాక్టరు పేరు బోర్డు మీద ఉండదట

పేరు రాయొద్దంది, ఊరు రాయొద్దంది. ఉత్తర తెలంగాణలో ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివి, హౌస్ సర్జన్సీ పూర్తిచేసి రెండు నెలలైన అమ్మాయి ఉత్తరం ఇది. పదకొండు పేజీలు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారం మాత్రం ఇస్తున్నాను.

వాళ్ళ ఇంట్లో ఈమే మొదటి డాక్టరు. తండ్రి ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో రోడ్డు పక్కన రెండెకరాలుంది. తమ్ముడు ఇంజనీరింగ్ మూడో ఏడు. స్పెషలిస్టు చదువు (పీజీ) కోసం రాసే నీట్ పీజీలో ఈమెకు ముప్పై వేలు దాటిన ర్యాంకు వచ్చింది. ఫలితం వచ్చిన రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదట. తెల్లారగానే తండ్రి, 'రెండెకరాలు తీసేస్త, మేనేజ్‌మెంట్ల స్కిన్ సీటు కొందం' అన్నారు. ఎవరో మధ్యవర్తి దొరికాడు. మూడేళ్ళకూ కలిపి డెబ్బై అయిదు లక్షలవుతుందని, ఇప్పుడే అడ్వాన్సు ఇస్తే సీటు 'బ్లాక్' చేసిపెడతానని చెప్పాడు. తల్లికి మాత్రం గైనిక్ కావాలి. ఆడపిల్ల డాక్టరైతే కాన్పులు చేయక ఇంకేం చేస్తుందని ఆవిడ వాదన. పైగా వస్తున్న సంబంధాల వాళ్ళంతా ముందు అడిగేది 'పీజీలో ఏ బ్రాంచి' అనే.

అమ్మాయి మనసు మాత్రం అనస్థీషియా, అంటే మత్తు వైద్యం మీద ఉంది. గైనిక్ పోస్టింగులో ఒక రాత్రి, కాన్పయ్యాక రక్తస్రావం ఆగని తల్లిని థియేటర్లోకి పరుగున తీసుకెళ్ళారు. 'అందరూ అరుస్తున్నారు మేడం. బీపీ దొరకడం లేదు. తల దగ్గర నిలబడ్డ అనస్థీషియా మేడం ఒక్కరే గొంతు పెంచలేదు. ఒకపక్క రక్తం ఎక్కిస్తూ, ఒకపక్క మందులు చెప్తూ, మధ్యలో నన్ను చూసి ఆ స్టూలు జరుపమ్మా అన్నారు. ఆ గదిలో ఏం జరుగుతుందో మొత్తం తెలిసింది ఆమెకే అనిపించింది' అని రాసింది. ఆ తల్లి బతికింది.

నెల తిరక్కుండానే క్యాజువాల్టీలో ఊపిరి అందించడానికి ఈమె వేసిన ట్యూబు శ్వాసనాళంలోకి కాక అన్నవాహికలోకి పోయింది. పక్కనున్న పీజీ విద్యార్థి వెంటనే చూసి, తీసి, మళ్ళీ వేశాడు. పేషెంటుకి ఏమీ కాలేదు. కానీ అప్పటినుంచి, ట్యూబు వేయడానికి గొంతులోకి చూసే లారింగోస్కోపు చేతిలోకి తీసుకుంటే వణుకు.

ఇంట్లో అనస్థీషియా మాట ఎత్తగానే తండ్రి అన్నది: 'మత్తు డాక్టరా? బోర్డు మీద పేరన్న ఉంటదా బిడ్డా?'

ఇక ఆమె ప్రశ్నలు. ఈ ర్యాంకుకి దొరికేది అదేనని సర్దుకుని, దానికి ఇష్టమని పేరు పెట్టుకుంటున్నానా? చెయ్యి వణికే మనిషికి ఆ బ్రాంచి తగునా? ఏడాది ఆగి మళ్ళీ పరీక్ష రాయనా? స్నేహితులు చెప్తున్నట్టు కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు (కోరుకునే సీట్ల వరస) రెండొందలు నింపేసి, ఏది వస్తే అది తీసుకోనా? ప్రస్తుతం ఒక నర్సింగ్ హోంలో రాత్రిపూట డ్యూటీ డాక్టరుగా చేస్తోంది. కాలేజీ నుంచి సర్టిఫికెట్లు ఇంకా తెచ్చుకోలేదు.

అమ్మాయీ, నీది మా చిన్నదాని వయసు. అందుకే నువ్వు అనే రాస్తాను.

నేను పిల్లల డాక్టర్ని, కానీ నేను కోరుకున్నది అది కాదు. మా రోజుల్లో వెబ్ ఆప్షన్లు లేవు. హాల్లో కూర్చోబెట్టి ర్యాంకు వరసలో పిలిచేవారు. గోడ మీద బోర్డులో ఉన్న సీట్లు ఒక్కొక్కటే తుడిచేసేవారు. నాకంటే ముందు లేచినతను జనరల్ మెడిసిన్‌లో ఆఖరి సీటు పట్టుకుపోయాడు. నా వంతు రాగానే పీడియాట్రిక్స్ అనేసి, సంతకం పెట్టి, బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చుని ఏడ్చాను. ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పుడెవరైనా పిలిచి మెడిసిన్ సీటు ఇస్తామన్నా వెళ్ళను. అందుకని 'ఇది ఇష్టమా, సర్దుబాటా' అన్న నీ మొదటి ప్రశ్న చూస్తే నాకు పెద్ద భయం కలగలేదు. మన వృత్తిలో సగం మంది సర్దుబాటుతో మొదలుపెట్టినవాళ్ళే.

అయినా నీ విషయంలో కాస్త ఆధారం కూడా కనిపిస్తోంది. ఉత్తరం మళ్ళీ చదివి లెక్కేశాను. స్కిన్ గురించి నువ్వు రాసింది ఒకే ఒక్క వాక్యం, అదీ డబ్బు గురించి. గైనిక్ గురించి రాసిన రెండు వాక్యాలూ అమ్మ కోరిక, పెళ్ళి సంబంధాల గురించే. అనస్థీషియా గురించి మూడు పేజీలు. స్టూలు జరపమన్న మాట కూడా మరిచిపోలేదు. అదంతా ర్యాంకు రాకముందు సంగతి. ర్యాంకు తర్వాత పుట్టిన ఇష్టమైతే నీ అనుమానంలో అర్థముండేది.

కానీ ఒక రాత్రిని చూసి మూడేళ్ళకు సంతకం పెట్టకు. నువ్వు చూసింది ఆ బ్రాంచిలో అరుదైన రాత్రి. మామూలు రోజు వేరు. పొద్దున అందరికంటే ముందు థియేటర్‌కి వెళ్ళి మెషీన్ చెక్ చేసుకోవాలి: ఆక్సిజన్ వస్తోందా, సర్క్యూట్ లీకవుతోందా, సక్షన్ లాగుతోందా. మందులు సిరంజిల్లోకి ఎక్కించి పేర్లు అంటించాలి. సర్జన్ గంట ఆలస్యంగా వస్తాడు. హెర్నియా, గర్భసంచి ఆపరేషన్, సిజేరియన్, మళ్ళీ సిజేరియన్. వెన్నులో స్పైనల్ ఇచ్చాక ఎక్కువసార్లు ఏమీ జరగదు. ఆ ఏమీ జరగని రెండు గంటలూ మానిటర్ మీద కన్ను, పేషెంటు మీద చెయ్యి ఉండాలి. సాయంత్రం పీఏసీ (మత్తుకు ముందు చేసే పరీక్ష) ఓపీలో రేపటి పేషెంట్ల గుండె, ఊపిరి, పళ్ళు, మెడ, వాడే మాత్రలు చూసుకోవాలి. కేసయ్యాక సర్జన్ బయటికెళ్ళి బంధువులతో 'ఆపరేషన్ సక్సెస్' అంటాడు. పేషెంటు కళ్ళు తెరిచి, చెయ్యి నొక్కమంటే నొక్కేదాకా నువ్వు లోపలే ఉంటావు.

నువ్వు తేల్చుకోవాల్సింది ఇక్కడ. గందరగోళంలో నిబ్బరంగా ఉండగలనా అన్నది అంత ముఖ్యం కాదు, అది శిక్షణలో వస్తుంది. ఏమీ జరగని గంటల్లో మెలకువగా ఉండగలనా అన్నదే అసలు సంగతి. అదృష్టం కొద్దీ నువ్వు నర్సింగ్ హోంలోనే ఉన్నావు. అక్కడికి కేసులకు వచ్చే అనస్థీషియా డాక్టర్ని అడుగు, కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు పది పన్నెండు కేసులు పక్కన నిలబడి చూడు. మెషీన్ చెక్ దగ్గరనుంచి రికవరీ దాకా, మధ్యలో ఫోన్ తీయకుండా. నాలుగో హెర్నియాకి కూడా చూడాలనిపిస్తే నీకు సగం జవాబు దొరికినట్టే. అనిపించకపోతే అది కూడా ఇప్పుడే తెలియడం మేలు.

ఇక వణుకు. తప్పు చోటికి ట్యూబు పోవడం నేర్చుకునేవాళ్ళలో అందరికీ జరుగుతుంది. పదుల సంఖ్యలో వేస్తేగాని చెయ్యి కుదరదు. ఒప్పుకోని సీనియరుంటే అతని మతిమరుపు అనుకో. ప్రాణం తీసేది ట్యూబు తప్పు చోటికి పోవడం కాదు, పోయిందని ఒప్పుకోకపోవడం. అందుకే థియేటర్లో ఊపిరితో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని చూపించే క్యాప్నోగ్రాఫ్ పెట్టుకుంటారు. ఆ గీత రాకపోతే ట్యూబు తీసెయ్యాలి, వాదన లేదు. ఆ రోజు మీ క్యాజువాల్టీలో అది ఉండి ఉండదు. అర్ధరాత్రి కిందామీదా పడుతున్న పేషెంటుకి, సరైన బల్ల ఎత్తు కూడా లేకుండా, మొదటిసారో రెండోసారో వేసిన చెయ్యి అది. థియేటర్లో పరిస్థితి వేరు. ముందే ఆక్సిజన్ ఇచ్చి ఉంటారు, తల కింద దిండు సర్ది ఉంటుంది, పక్కన సీనియర్ ఉంటాడు. చెయ్యి వణుకుతోందని నువ్వు ఎవరికీ చెప్పలేదని రాశావు. ఆ అనస్థీషియా డాక్టరుతో చెప్పు, మొదట బొమ్మ మీద, తర్వాత ఆయన పక్కనుండగా వెయ్యనివ్వమను. పాతిక ముప్పై సార్లయ్యాక కూడా వణుకు తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం. అంతకుముందు దాన్నిబట్టి బ్రాంచి తేల్చుకోకు.

బోర్డు మీద పేరు దగ్గరికి వస్తాను. మీ నాన్నగారి మాటని నువ్వు చులకనగా తీసుకున్నావేమోనని నా అనుమానం. ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టిన మనిషి ఆయన. రోజూ వందలమందిని గమ్యం చేర్చినా పేరు గుర్తుపెట్టుకున్న ప్రయాణికుడు లేడు. కూతురికైనా పేరుండాలని ఆశపడ్డారు, అందులో తప్పేముంది? నిజానికి ఆయన అన్నది చాలావరకు వాస్తవం. పేషెంటుకి సర్జన్ పేరు గుర్తుంటుంది, మత్తిచ్చిన మనిషి మొహం కూడా గుర్తుండదు. ఇంకా చేదు నిజం ఒకటుంది: టేబుల్ మీద ఏ కారణంతో ప్రాణం పోయినా మర్నాడు పేపర్లో 'మత్తు మందు వికటించి మృతి' అనే వస్తుంది. ఈ బ్రాంచిలో మంచి పేరు రావడం కష్టం, చెడ్డపేరు మాత్రం అడక్కుండానే వస్తుంది. ఇది తెలిసే వెళ్ళాలి.

ఆయనకి ఒక కథ చెప్పు. ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీ అప్పట్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్. 1880ల్లో అక్కడ రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్సీ అమ్మాయి చదువుకుంది. ప్రపంచంలోనే తొలితరం మహిళా అనస్థీషియా వైద్యుల్లో ఆమె పేరు చెప్తారు. అప్పటి ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీకి క్లోరోఫారం మీద పంతం. దానివల్ల ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, కాబట్టి ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలన్నది అతని వాదం. దాన్ని తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చి 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫారం కమిషన్లు వేయించాడు. ఆ పనిలో రూపాబాయి పాలుపంచుకుంది. లారీ వాదం పూర్తిగా నిలవలేదు, క్లోరోఫారం గుండెనీ ఆపగలదని తర్వాత తేలింది. కానీ పేషెంటు ఊపిరి మీదనుంచి కళ్ళు తిప్పొద్దన్న లారీ మాట నేటికీ పాతబడలేదు. లండన్ డాక్టర్లు మత్తు గురించి వాదించుకుంటూ హైదరాబాద్ వైపు చూసిన రోజులవి, వాటిలో మన ఊరి ఆడపిల్ల ఉంది. మీ నాన్నగారు ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. కథ మాత్రం ఆయనకి నచ్చుతుంది.

ఆయన అసలు భయం పేరు వెనకున్న బతుకుతెరువు అయితే దానికీ జవాబుంది. జిల్లా కేంద్రాల్లో, మండల స్థాయి పట్నాల్లో నర్సింగ్ హోంలు నడిచేది కాల్ మీద వచ్చే అనస్థీషియా డాక్టర్ల మీదే. సొంత ఆసుపత్రి కట్టక్కర్లేదు, మెషీన్లు కొనక్కర్లేదు. చదువు అయిన మర్నాటినుంచి పనుంటుంది. కావాలంటే తర్వాత క్రిటికల్ కేర్, కార్డియాక్ అనస్థీషియాల్లో డీఎం (పీజీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ చదువు) ఉంది, నొప్పి వైద్యం ఉంది. అసౌకర్యాలు కూడా చెప్తాను. రాత్రి రెండింటికి సిజేరియన్ అని ఫోనొస్తుంది, వెళ్ళాలి. నీ పని సర్జన్ పిలుపు మీద ఆధారపడి ఉంటుంది, కొందరు డబ్బులు నెలల తరబడి బాకీ పెడతారు. పేషెంటు మళ్ళీ మళ్ళీ నీ దగ్గరికే రావడం, పిల్లల్ని ఎత్తుకొచ్చి చూపించడం ఉండదు. నాకైతే అది లేకుండా ఒక్క ఏడాది కూడా గడవదు. నీ సంగతి నువ్వే చూసుకోవాలి.

డెబ్బై అయిదు లక్షల సంగతిలో మాత్రం నేను కాస్త గట్టిగా మాట్లాడతాను. మేనేజ్‌మెంట్ సీటైనా నీట్ ర్యాంకు మీద, యూనివర్సిటీ కౌన్సెలింగ్ ద్వారానే ఇవ్వాలి. తెలంగాణలో ఆ పని వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానిది. మధ్యలో ఎవరూ సీటు 'బ్లాక్' చేసిపెట్టడానికి చట్టప్రకారం దారి లేదు. ఆ పేరుతో తీసుకున్న అడ్వాన్సు పోతుంది, లేదా నువ్వో కేసులో పేరుగా మిగులుతావు. మీ నాన్నగారు ఎంత ముద్దుగా అడిగినా ఆ మనిషికి రూపాయి కూడా ఇవ్వనివ్వకు.

మధ్యవర్తిని పక్కన పెట్టి, నిజాయితీగా మేనేజ్‌మెంట్ కోటాలో అప్లై చేస్తే? అది న్యాయమైన దారే, తప్పు పట్టను. స్కిన్ మీద నీకు నిజంగా ఆసక్తి ఉంటే భూమి అమ్మడం గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు. కానీ రెండెకరాల్లో తమ్ముడి వాటా ఉంది. నాన్న అతన్ని అడగలేదు, అతను నోరు విప్పలేదు. అతని మౌనాన్ని సమ్మతి అనుకుని నువ్వు ఆ సీట్లో చేరితే పదేళ్ళ తర్వాత, అతని పెళ్ళయ్యాక, ఆ మాట ఏదో ఒక పండగరోజు బయటికొస్తుంది. మరోటి: అంత డబ్బు పోసిన బ్రాంచిని నచ్చకపోయినా వదల్లేవు. ఆ బరువు మోస్తూ మూడేళ్ళు చదవడం ఎలా ఉంటుందో అలా చదివిన ఇద్దరిని దగ్గరగా చూశాను. ఒకామె ఇప్పుడు బాగానే ఉంది, ఇంకొకరు ప్రాక్టీసే చేయడం లేదు.

గైనిక్ విషయంలో అమ్మకి ఒక్కటే చెప్పు, కాన్పుల గదిలో నువ్వు ఉంటావు, తల దగ్గర ఉంటావని. పెళ్ళి సంబంధాల సంగతి నేను మాట్లాడను. బ్రాంచి అడిగి పిల్లని చూసుకునేవాళ్ళు స్కిన్ అన్నా రేపు ప్రాక్టీసు ఏ ఊళ్ళో అని అడుగుతారు.

ఏడాది ఆగడం గురించి. ఆగితే ర్యాంకు మెరుగవుతుందన్న హామీ లేదు, తగ్గినవాళ్ళూ ఉన్నారు. ఈసారి నువ్వు హౌస్ సర్జన్సీ డ్యూటీల మధ్య చదివావు. చదవడానికి టైం లేక మార్కులు పోయాయా, లేక చదివినా పోయాయా? పరీక్షలో రెండొందల ప్రశ్నలు, ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. నీవి ఎన్ని వదిలేసినవి, ఎన్ని ఊహించి తప్పు పెట్టినవి? గుర్తున్నంతలో లెక్క రాసుకో. టైం లేకపోవడమే కారణమైతే ఆగడంలో అర్థముంది. అప్పుడు కూడా ఖాళీగా ఇంట్లో కూర్చోకు. బస్తీ దవాఖానాలోనో, ఐసీయూ డ్యూటీ డాక్టరుగానో చేరు, లేదంటే ఆ ఇంట్లో రోజూ అన్నం దగ్గర ఈ చర్చే నడుస్తుంది. ఏడాదికి రెండుసార్లు జరిగే ఐఎన్ఐ-సెట్ అనే వేరే ప్రవేశ పరీక్ష కూడా ఉంది. మన దగ్గర బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్ సీట్లు దానితోనే వస్తాయి. నీ స్నేహితులెవరూ చెప్పని ఇంకో దారి, ప్రభుత్వ మెడికల్ ఆఫీసరుగా చేరి, కొన్నేళ్ళు పీహెచ్‌సీలో పనిచేసి, ఇన్‌సర్వీస్ కోటాలో పీజీకి రావడం. ఆలస్యమవుతుంది, కానీ చేతిలో జీతం ఉంటుంది, నాన్న భూమి భూమిగా ఉంటుంది. వీటిలో ఏదీ చెడ్డ దారి కాదు. అయితే అనస్థీషియా నిజంగా కావాలనుకుని, ఈ ఏడే వచ్చే అవకాశం ఉన్నప్పుడు, గైనిక్ ర్యాంకు కోసం ఏడాది ఆగడం ఎవరి కోసమో నిన్ను నువ్వు అడుక్కో.

ఇప్పుడు వెబ్ ఆప్షన్లు. నీకు ఇందులోనే ఎక్కువ తప్పుడు సలహాలు వచ్చినట్టున్నాయి.

రెండు కౌన్సెలింగులుంటాయని నీకు తెలుసు. ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లు ఆలిండియా కోటా కింద ఢిల్లీలోని ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) నింపుతుంది, డీమ్డ్ యూనివర్సిటీలు, డీఎన్‌బీ (ఆసుపత్రుల్లో ఉండి చేసే పీజీ) సీట్లూ అక్కడే. మిగతా సగం, ప్రైవేటు కాలేజీల కన్వీనర్, మేనేజ్‌మెంట్ సీట్లు మన యూనివర్సిటీ నింపుతుంది. రెండింటిలోనూ కంప్యూటర్ చేసే పని ఒకటే. ర్యాంకు వరసలో ఒక్కొక్కరి జాబితా పైనుంచి కిందికి చదువుతుంది, ఖాళీగా దొరికిన మొదటి సీటు ఇచ్చి తర్వాతి మనిషి దగ్గరికి పోతుంది. కాబట్టి రాదనుకున్న సీటుని పైన పెట్టడంవల్ల కిందిది చేజారదు. 'ముందు వచ్చేవి పెట్టు' అని చెప్పిన స్నేహితుడిది పొరపాటు. నీకు నచ్చిన వరసలోనే పెట్టు, ఆశపడ్డానికి ఫీజు లేదు.

రెండొందలు నింపడంలో ప్రమాదం కింది చివర ఉంటుంది. నూట ఎనభయ్యో ఆప్షన్ నిద్రమత్తులో పెట్టి ఉంటావు, వచ్చేది అదే కావచ్చు. ఎంసీసీలో మొదటి రౌండులో వచ్చిన సీటు వద్దనుకుంటే నష్టం లేకుండా పోవచ్చు. రెండో రౌండులో వచ్చి చేరకపోతే డిపాజిట్ పోతుంది. మిగిలిపోయిన సీట్లకు చివర జరిపే స్ట్రే రౌండులో వచ్చి చేరకపోతే డిపాజిట్‌తోపాటు తర్వాతి ఏటి పరీక్ష రాసే అర్హతా పోతుంది. చేరాక గడువు దాటి వదిలేస్తే చాలా రాష్ట్రాల్లో లక్షల్లో బాండు కట్టాలి, సర్టిఫికెట్లు కాలేజీ దగ్గరుంటాయి. ఈ నిబంధనలు ఏటా కొంచెం కదులుతుంటాయి, ఈ ఏటి నోటిఫికేషన్ నువ్వే కూర్చుని చదువు, వాట్సాప్ గ్రూపులో వచ్చిన సారాంశం కాదు. చదివాక జాబితాలో ప్రతి వరసకీ ఒకే ప్రశ్న: రేపు పొద్దున ఇది వచ్చిందని మెసేజ్ వస్తే, మర్నాడు పెట్టె సర్దుకుని వెళ్తానా? వెళ్ళనంటే ఆ వరస తీసెయ్యి. అరవై మిగిలినా సరే, పదిహేను మిగిలినా సరే.

బ్రాంచి ఒకటే అయినా కాలేజీ మారితే చదువు మారిపోతుంది. అనస్థీషియాకి అయితే కాలేజీ పేరు కంటే ఆ ఆసుపత్రిలో ఎన్ని థియేటర్లు నడుస్తున్నాయి, ఐసీయూ అనస్థీషియా చేతిలో ఉందా, రాత్రి డ్యూటీలో మొదటి ఏడాది పీజీ పక్కన సీనియర్ ఉంటాడా, ఇవి చూడు. థియేటర్లు ఖాళీగా ఉండే కొత్త కాలేజీలో సీటు కంటే, కేసులు దండిగా ఉండే ఆసుపత్రిలో డీఎన్‌బీ మేలు కావచ్చు. డీఎన్‌బీ ఎగ్జిట్ పరీక్ష కష్టమన్న పేరు ఉన్నమాట నిజమే, చదివించే డిపార్ట్‌మెంటయితే దాటుతారు. ప్రైవేటు కాలేజీలో స్టైపెండు సంగతి అడుగు. 2023 నాటి పీజీ నిబంధనల ప్రకారం ప్రభుత్వ కాలేజీతో సమానంగా ఇవ్వాలి, వారానికి ఒక సెలవు, ఏడాదికి ఇరవై రోజుల క్యాజువల్ లీవు ఉండాలి. కాగితం మీద ఉన్నవి ఇవి. చేతికి ఎంతొస్తోంది, ఆ సెలవు ఎప్పుడైనా దొరికిందా అన్నది అక్కడ ఇప్పుడు చదువుతున్న మొదటి ఏడాది పీజీకే తెలుసు. హెచ్‌ఓడీని అడగకు, ఆయన బాగుందనే చెప్తాడు. మొదటి ఏడాది వాళ్ళని, అదీ డ్యూటీ దిగాక, కాంటీన్లో అడుగు. జిల్లా రెసిడెన్సీ కింద మూడు నెలలు జిల్లా ఆసుపత్రికి పంపుతారు కదా, అక్కడ పని నేర్పారా, సంతకాలు పెట్టించుకుని పంపేశారా అని కూడా.

నాన్నగారితో మాట్లాడటం ఆప్షన్లు లాక్ చేశాక వద్దు. సీటు వచ్చాక అంతకన్నా వద్దు. జాబితా తయారయ్యాక, లాక్ చేయడానికి రెండు రోజుల ముందు, తమ్ముణ్ణి కూడా పిలిచి, ముగ్గురూ ఒకచోట కూర్చోండి. కంప్యూటర్ ముందు కాదు, కాగితం మీద రాసుకుని. పైనుంచి కిందికి చదివి వినిపించు, ప్రతిదానికీ ఫీజెంతో పక్కన రాయి. ముప్పై ఏళ్ళు టికెట్ లెక్క చూసిన మనిషికి అంకెలు నీకంటే త్వరగా అర్థమవుతాయి. ఆయన కోపగించుకుంటే కోపగించుకోనీ, ఆ రోజు ఏమీ తేల్చకు. ఆయన స్కిన్ కూడా ఒక వరసలో పెట్టమని అడిగితే, కన్వీనర్ కోటాలో పైన పెట్టడానికి నీకు అభ్యంతరం ఉండక్కర్లేదు, వస్తే అది భూమి అమ్మని స్కిన్. నీకు అది కూడా వద్దనిపిస్తే ఆ మాట అప్పుడే చెప్పెయ్యాలి. వచ్చాక చెప్తే ఆయన ఊళ్ళో ఇరవై మందికి చెప్పి ఉంటారు.

చివరిగా, ఉత్తరంలో నువ్వు ఒక్క ముక్కలో తేల్చేసిన విషయం ఒకటుంది. హౌస్ సర్జన్సీ కంప్లీషన్ సర్టిఫికెట్, ఒరిజినల్స్ కాలేజీలోనే ఉన్నాయన్నావు. మెడికల్ కౌన్సిల్‌లో శాశ్వత రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నట్టు లేవు. ఇవన్నీ పక్కన పెట్టి ముందు రేపే బస్సెక్కు. సీటు వచ్చాక రిపోర్టింగ్‌కి ఇచ్చేది కొద్ది రోజులే, ఆ రోజుల్లోనే మీ కాలేజీ ఆఫీసులో ఆ సెక్షన్ చూసే క్లర్కు ఊళ్ళో జాతరని సెలవు పెడతాడు.